జింకల వేటకు సన్నాహాలు: టెక్సాస్‌లో చూసింది, నల్లమలలో తెలిసింది

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించీ, ఆరోగ్య కార్డుల గురించీ కార్యదర్శిగారు ఇంతకుముందే వివరంగా చెప్పారు. వాటికి నేను కలపగలిగింది ఏమీ లేదు. "అమెరికా వెళ్లొచ్చారు కదా, అక్కడ చూసిందేదైనా చెప్పండి" అని ఆయన కోరారు. నయాగరా జలపాతం, స్వేచ్ఛా ప్రతిమ గురించి మీలో చాలామంది నాకంటే బాగా చెప్పగలరు. అందుచేత మన శాఖకు దగ్గరైన విషయం ఒకటి ఎంచుకున్నాను. అది జింకల వేట. అటవీశాఖలో ముప్పయి మూడేళ్లు చేసినవాడు వేట గురించి ఏం మాట్లాడతాడు, వేటగాళ్ల మీద కేసులు రాయడం తప్ప అని మీరు నవ్వుకోవచ్చు. నేను చెప్పబోయేది తుపాకి పేల్చడం గురించి కాదు, దానికి మూడు నెలల ముందునుంచీ జరిగే సన్నాహం గురించి.

మా అబ్బాయి టెక్సాస్ రాష్ట్రంలో ఆస్టిన్ నగరంలో ఉంటున్నాడు. 2023 ఆగస్టు మొదటి వారం నుంచి 2024 జనవరి దాకా నేనూ మా ఆవిడా అక్కడ ఉన్నాం. పక్కింటాయన తపాలాశాఖలో ఉత్తరాలు పంచి రిటైరైన పెద్దమనిషి. అంటే ఆయనా మనలాంటి పెన్షనరే. నేను అడవిలో పనిచేశానని తెలిసిన రోజునుంచి రోజూ సాయంత్రం కంచె దగ్గరికి వచ్చి మాట కలిపేవారు. ఆయనకు అర్థమయ్యే ఇంగ్లీషు నేనూ, నాకు అర్థమయ్యే ఇంగ్లీషు ఆయనా మాట్లాడటానికి వారం పట్టింది. ఆ తరువాత మాటలకు కొదవ లేకపోయింది.

లైసెన్సు, లెక్క

ఆస్టిన్‌కు పడమరగా కొండలు, గుట్టలు, వాగులు ఉన్న ప్రాంతాన్ని హిల్ కంట్రీ అంటారు. సున్నపురాయి నేల, పొట్టి ఓక్ చెట్లు, జునిపర్ పొదలు. అక్కడి జింకను వైట్‌టెయిల్ అంటారు. బెదిరితే తోక పైకెత్తి తెల్లగా జెండాలాగా చూపిస్తూ పరుగెడుతుంది. ఆ ప్రాంతంలో లానో అనే చిన్న ఊరు ఉంది. తన్ను తాను టెక్సాస్ జింకల రాజధాని అని చెప్పుకుంటుంది.

ఒకప్పుడు అమెరికాలో ఈ జింక కూడా దాదాపు కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దమంతా మాంసానికీ తోలుకూ అదుపులేకుండా చంపి అమ్ముకున్నారు. 1900లో లేసీ చట్టం వచ్చి, దొంగతనంగా చంపిన జంతువును ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించి అమ్మడాన్ని నేరం చేసింది. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. వేట తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వేసి, ఆ సొమ్మును వన్యప్రాణుల పెంపకానికే రాష్ట్రాలకు పంచుతారు. అంటే వేటాడేవాడే జింకకు చందా కడుతున్నాడన్నమాట.

వేట లైసెన్సు ఏటా సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు చెల్లుతుంది. ఆగస్టు నడిమికే అమ్మకం మొదలవుతుంది. నేనున్న ఏడు ఆ రాష్ట్రవాసికి మామూలు వేట లైసెన్సు 25 డాలర్లు, 65 దాటినవారికి 7 డాలర్లు. పెద్దవాళ్లకు రాయితీ అక్కడా ఉందని తెలిసి నాకు సంతోషం కలిగింది. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారు వేట శిక్షణ కోర్సు పాసవ్వాలి. పక్కింటాయనకు ఆ నిబంధన వర్తించదు. కాని ఆయన మనవడు, పద్నాలుగేళ్లవాడు, ఆ పరీక్షకు చదువుతుంటే దగ్గర కూర్చుని ప్రశ్నలు అడిగేవారు. అందులో మొట్టమొదటి పాఠం, ఏ తుపాకినైనా తూటా ఉన్నదన్నట్టే పట్టుకోవాలని.

లైసెన్సు కాగితానికి అంటుకుని జింకల చీటీలు ఉంటాయి. ట్యాగులంటారు. జింకను కొట్టిన వెంటనే ఆ చీటీ మీద నెల, తేదీ కత్తిరించి దాని శరీరానికి కట్టాలి. ఏ కౌంటీలో ఎన్ని కొట్టవచ్చు, మగవెన్ని, ఆడవెన్ని అన్నది రాసిపెట్టి ఉంటుంది. కొన్ని కౌంటీల్లో మగజింక కొమ్ముల మధ్య ఎడం 13 అంగుళాలైనా ఉండాలి, లేదా ఒకవైపు కొమ్ము చీలకుండా ఒంటిగా ఉండాలి. చెవులు నిక్కించినప్పుడు రెండు చెవుల కొసల మధ్య దూరం దాదాపు 13 అంగుళాలట. కొమ్ములు చెవుల కంటే బయటికి వచ్చాయా లేదా అని చూసి నిర్ణయించుకుంటారు. తుపాకి ఎత్తకముందు దుర్భిణిలో ఈ లెక్క చూసుకోవాలి. మన రోజుల్లో టేకు చెట్టుకు చుట్టుకొలత తీసి మార్కింగ్ సుత్తి వేసినట్టే.

మేత తెలిస్తే జింక తెలిసినట్టే

టెక్సాస్‌లో 95 శాతం పైగా నేల ప్రైవేటు సొత్తు. అందుకని వేటాడేవారు రైతుకు ఏటా అద్దె కట్టి పొలాన్ని లీజుకు తీసుకుంటారు. పక్కింటాయన, ఆయన పాత స్నేహితులు ముగ్గురు కలిసి లానో వైపు ఒక పశువుల పొలాన్ని అలా తీసుకున్నారు. సెప్టెంబరులో నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్లారు. తుపాకి తేలేదు. వెంట తెచ్చినవి మొక్కజొన్న బస్తాలు, నిచ్చెన, నూనెడబ్బా, కందిరీగల మందు, ఒక నోటుపుస్తకం.

మొక్కజొన్న ఎందుకంటే, అక్కడ ఫీడర్ అనే పరికరం ఉంటుంది. మూడు కాళ్ల మీద నిలబెట్టిన పీపా, దాని అడుగున బ్యాటరీతో తిరిగే పళ్లెం, గడియారం. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొన్ని సెకన్లపాటు పళ్లెం గిర్రున తిరిగి గింజలు చుట్టూ విరజిమ్ముతుంది. నాలుగైదు వారాలు ఇలా జరిగితే ఆ చప్పుడుకే జింకలు వస్తాయి. చుట్టూ ఇనుప జాలీ కంచె ఉంటుంది. జింక దాన్ని దూకి లోపలికి పోతుంది, అడవిపంది దూకలేదు. పందుల బాధ అక్కడా మన రైతుల బాధంతా ఉంది.

ఆ బస్తాలు ఒక్కొక్కటి 50 పౌన్లు, అంటే దాదాపు 23 కిలోలు. విప్పగానే ఆయన గింజలు దోసిట్లోకి తీసుకుని వాసన చూశారు. బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. మన వేరుశెనగ రైతులకు, కోళ్లఫారాల వారికి ఈ పేరు బాగా తెలుసు. జింకలకూ, ఆ గింజలు ఏరుకునే పిట్టలకూ అది ప్రమాదమే. "మనం చంపబోయే జంతువుకు కూడా చెడ్డ తిండి పెట్టకూడదు" అన్నారాయన. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

అయితే అసలు పాఠం ఫీడర్ దగ్గర కాదు, వాగు పక్కన నేర్చుకున్నాను. ఆయన ఓక్ చెట్ల కిందికి వెళ్లి దుర్భిణితో పైకి చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. కొమ్మల్లో కాయలు లెక్కపెడుతున్నారు. ఓక్ కాయ రాలే కాలంలో జింక మొక్కజొన్న వంక చూడదట. మొక్కజొన్నలో పిండి పదార్థమే గాని మాంసకృత్తులు తక్కువ. అందుబాటులో ఉన్నంతవరకు జింకకు ఆకులు, లేత కొమ్మల చివుళ్లు, వెడల్పాకు కలుపు మొక్కలు, రాలిన కాయలు ముఖ్యం. దాని కడుపు గడ్డిని బాగా అరిగించుకోలేదు. మెస్‌కీట్ చెట్ల కాయలు ఎండాకాలంలో, నాగజెముడు పండ్లు వాటి వెంట, ఓక్ కాయలు శరదృతువులో, ఓట్సు, గోధుమ లేతపైరు చలికాలంలో. కొందరు ఆ పైరు జింకల కోసమే సెప్టెంబరు, అక్టోబరు వానలకు చల్లి, పశువులు పడకుండా కంచె వేస్తారు.

ఆయన నోటుపుస్తకంలో ముప్పయి ఏళ్ల లెక్క ఉంది. తేదీ, గాలివాలు, చలి, ఏ చెట్టుకు కాయ పట్టింది, ఎన్ని జింకలు ఏ వేళకు ఎటునుంచి వచ్చాయి. కొట్టినవాటి లెక్క పుస్తకం చివర రెండు పేజీల్లో ఉంది. మిగిలినదంతా చూసినవాటి లెక్కే.

ఇలా మేత పెట్టి వేటాడడం అమెరికా అంతటా ఒప్పుకోరు. చాలా రాష్ట్రాల్లో నిషేధం. మందలు ఒకేచోట మూతులు కలిపి తింటే రోగాలు పాకుతాయని భయం. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు జింకలను చిక్కి శల్యం చేసి చంపుతుంది. మందు లేదు. టెక్సాస్‌లో అది 2012లో మొదటిసారి బయటపడింది. తిండి పెట్టడం ఎప్పుడూ ఉపకారమే అనుకోవడానికి లేదు. శ్రీశైలం ఘాట్ రోడ్డులో కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు విసిరే భక్తులకు ఇదే మాట చెప్పీ చెప్పీ మన గొంతులు పోయాయి కదా.

మంచె, తుపాకి, మంచు పెట్టె

వాళ్లు కూర్చునే గదిని బ్లైండ్ అంటారు. నాకు మాత్రం అది మంచె. నాలుగు కొయ్యకాళ్ల మీద ప్లైవుడ్ పెట్టె, చుట్టూ సన్నని కిటికీలు. సెప్టెంబరు పని ఏమిటంటే, లోపల కట్టిన కందిరీగల గూళ్లు తీయడం, తలుపు మడతబందులకు నూనె వేయడం, నేల మీద పాత తివాచీ పరచడం, కిర్రుమనే కుర్చీ మార్చడం. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే తొక్కి చూశారు. "మా వయసులో జింక కంటే నిచ్చెన ప్రమాదం" అన్నారు. అది ఏ దేశపు పెన్షనరుకైనా వర్తించే మాటే.

మంచెలు రెండు ఉన్నాయి. ఆ కాలంలో సాధారణంగా గాలి దక్షిణం నుంచి వీస్తుంది. చలిగాలి దిగిన రోజున ఉత్తరానికి తిరుగుతుంది. మనిషి వాసన జింక వైపు పోకుండా, ఏ గాలికి ఆ మంచె. మన చెంచు ట్రాకర్లు గుప్పెడు దుమ్ము ఎగరేసి గాలివాలు చూసి మనల్ని నడిపించేవారు, గుర్తుందా? అదే విద్య.

అక్టోబరులో తుపాకిని సరిచూసుకోవడం. 100 గజాల దూరాన కాగితం పెట్టి, బల్ల మీద ఇసుక సంచిపై తుపాకి ఆనించి మూడు గుళ్లు కాలుస్తారు. మూడూ ఒక్కచోట పడేదాకా దుర్భిణి మరలు సవరిస్తారు. ఏ తూటాతో వేటాడతారో ఆ తూటాతోనే సరిచూసుకోవాలి. గురి తప్పితే జింక గాయపడి పొదల్లో పడి రెండు రోజులు యాతన పడుతుందని, తనకు నమ్మకం కలగని దూరాన కాల్చకూడదని మనవడికి పదే పదే చెప్పారు.

మిగిలిన సరంజామా చిన్నదే. తలకు కట్టుకునే దీపం, పదునైన కత్తి, తాడు, చేతి తొడుగులు, నీళ్లు, ప్రథమ చికిత్స సంచి, లైసెన్సు, దాని చీటీలు రాయడానికి కలం. వీటన్నిటికంటే ముఖ్యమని ఆయన చెప్పింది మంచు నింపిన పెద్ద పెట్టెలు. నవంబరులో కూడా అక్కడ మధ్యాహ్నం ఎండ గట్టిగానే ఉంటుంది. కడుపు వెంటనే శుభ్రం చేసి, మాంసాన్ని 4 డిగ్రీల సెంటిగ్రేడు దాకా చల్లార్చకపోతే పాడైపోతుంది. "మంచు కొనకుండా తూటా కొనేవాడు వేటగాడు కాడు" అంటారాయన.

ఆ ప్రాంతంలో తుపాకి వేట నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. 2023లో అది 4వ తేదీ. నేను కూడా మంచె మీద ఓ మూల కూర్చున్నాను, తుపాకి ముట్టకుండా. సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చవచ్చు. ఫీడర్ తిరిగింది, గింజలు రాలాయి, పిట్టలు తప్ప ఏదీ రాలేదు. జింకలన్నీ వాగు పక్క ఓక్ చెట్ల కింద ఉన్నాయి. ఆయన చెప్పినట్టే జరిగింది. మూడోరోజు అక్కడికి మారి, మనవడు ఒక ఆడజింకను ఒక్క గుండుతో కొట్టాడు. చీటీ కట్టారు. ఆ కుర్రవాడు కాసేపు మాట్లాడలేదు. తాత భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నారు. మేము శాకాహారులమని తెలిసి మాకు మాంసం ఇవ్వలేదు, మా ఆవిడకు పెకాన్ పప్పులు పంపించారు.

మన దుప్పి అక్కడ

డిసెంబరులో ఒక సాయంత్రం అదే పొలంలో నడుస్తుంటే గుట్ట అవతల నుంచి ఒక అరుపు వినిపించింది. ఎక్కడున్నా ఒళ్లు జలదరించి ఆగిపోయే అరుపు. పులినో చిరుతనో చూసి దుప్పి అరిచే అరుపు. పొదల చాటు నుంచి చూస్తే నిజంగా దుప్పులే! ఎర్రని ఒంటి మీద తెల్లచుక్కలతో, తెలంగాణ తన రాష్ట్ర జంతువుగా ఎంచుకున్న ఆ చుక్కల జింకే. అక్కడ దాన్ని యాక్సిస్ డీర్ అంటారు. 1932 ప్రాంతంలో టెక్సాస్ పొలాల్లోకి తెచ్చి వదిలారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక కూడా అక్కడ ఉంది. దక్షిణాన కింగ్ రాంచ్ వైపు మన మనుబోతులు ఉన్నాయి.

అక్కడి చట్టానికి అవి విదేశీ జంతువులు. లైసెన్సు, పొలం యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడుగునా వేటాడవచ్చు. కాలమూ లేదు, లెక్కా లేదు. కారణం మళ్లీ మేతే. దుప్పి ముందు గడ్డి తింటుంది, గడ్డి అయిపోతే ఆకుకు మారుతుంది. వైట్‌టెయిల్‌కు ఆ వెసులుబాటు లేదు. రెండూ ఒకేచోట పెరిగితే ఆకలితో పోయేది అక్కడి జింకే. 2021 ఫిబ్రవరిలో మంచు తుపాను వచ్చినప్పుడు మాత్రం మన దుప్పులు, కృష్ణజింకలు చలికి పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. ఎంతైనా వేడిదేశపు ప్రాణులు.

మన దగ్గర?

తిరిగి వచ్చాక ఒక మిత్రుడు అడిగాడు, "మనం కూడా లైసెన్సులిచ్చి వేట పెడితే పోదా? కృష్ణజింకలు పైరు తినేస్తున్నాయని రొళ్లపాడు వైపు రైతులు, నారాయణపేట వైపు రైతులు మొత్తుకుంటున్నారు కదా" అని. రైతు బాధ నిజం. రాత్రంతా చేలో కాపలా కాసేవాడికి మనం నీతులు చెప్పకూడదు. నష్టపరిహారం ఆలస్యం కాకూడదు, పొలాల్లోంచి జింకలను పట్టి వేరేచోటికి చేర్చే పనులు పెరగాలి. కాని వేట మనకు సరిపడదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

మనకూ ఒకప్పుడు షూటింగ్ బ్లాకులు, పర్మిట్లు ఉండేవి. మనకంటే ముందు తరం రేంజర్లు చెప్పగా విన్నాం. పర్మిట్ ఒకటి, చచ్చేవి పది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో ఆ తలుపు పూర్తిగా మూసుకుంది. హిల్ కంట్రీలో తోడేళ్లు ఎప్పుడో పోయాయి. జింకను తినే పెద్ద జంతువు లేక మనిషి ఆ పని చేస్తున్నాడు. మన నాగార్జునసాగర్-శ్రీశైలంలో, అమ్రాబాద్‌లో పులి ఉంది, చిరుత ఉంది, రేచుకుక్క ఉంది. అక్కడ మనం తీసే ప్రతి దుప్పీ పులి కంచంలోంచి తీసిందే. పులికి అడవిలో తిండి తగ్గితే అది ఊళ్లో పశువు మీద పడుతుంది. అప్పుడు పోయేది పులి.

వేట సన్నాహం మన దగ్గరా జరుగుతుంది, దొంగతనంగా. నీటిగుంట చుట్టూ ఉచ్చులు, ఇప్పపువ్వు రాలే చెట్టు కింద కాపు, జింక దారికి అడ్డంగా కరెంటు తీగ. ఆ తీగకు జింకే కాదు, మనిషీ చస్తాడు, పులీ చస్తుంది. ఆ దొంగకు మేత లెక్క బాగా తెలుసు. పక్కింటి పెద్దాయనకూ తెలుసు. ఆ లెక్క తెలియాల్సిన మూడోవాడు మన బీట్ ఆఫీసరు.

నా మనవి

మిత్రులారా, ఆ లెక్క మనకు తెలుసు. మాఘ ఫాల్గుణాల్లో మోదుగపూలు, బూరుగపూలు రాలితే దుప్పులు ఎక్కడ చేరతాయో, చైత్రంలో ఇప్పచెట్ల కింద ఏ వేళకు వస్తాయో, చలికాలంలో ఉసిరి, రేగు ఎక్కడ దండిగా కాస్తాయో, కొండముచ్చులు విదిలించిన ఆకుల కోసం మంద ఏ చెట్టు కింద నిలబడుతుందో మనం కళ్లారా చూశాం. ఏ కుంటలో మే నెలాఖరు దాకా నీళ్లుంటాయో, ఏది ఏప్రిల్‌లోనే ఎండుతుందో, సాసర్ పిట్ ఎక్కడ తవ్వితే దుప్పులు వాడాయో, ఎక్కడ తవ్వితే వృథా అయిందో మనకు తెలుసు. మనకు నేర్పిన చెంచు పెద్దల్లో చాలామంది ఇప్పుడు లేరు. ఇవేవీ ఏ ఫైల్లోనూ లేవు. వర్కింగ్ ప్లాన్‌లో కంపార్ట్‌మెంట్ నంబరు ఉంటుంది గాని, ఆ కంపార్ట్‌మెంట్‌లో ఇప్పచెట్టు ఏ వంపులో ఉందో ఉండదు.

ఆ టెక్సాస్ పెద్దాయన తన వినోదం కోసం ముప్పయి ఏళ్లు పుస్తకం రాశారు. మనం జీతం తీసుకుని, ఇప్పుడు పెన్షన్ తీసుకుంటూ ఒక్క పేజీ రాయలేదు. అందుకని నా ప్రతిపాదన ఒక్కటే. ఈ సభకు వచ్చిన ప్రతి రిటైర్డ్ గార్డు, ఫారెస్టరు, రేంజరు తాను బాగా ఎరిగిన ఒక్క బీటు గురించి రెండు పేజీలు రాయండి. చెట్లు, పూలు, కాయలు, నీళ్లు, నెలలు, జింకల దారులు, పాత ఉచ్చులు దొరికిన చోట్లు. రాయడం కష్టమైతే మీ మనవరాలికి చెప్పండి, ఆ పిల్ల రాస్తుంది. ఒక్క జాగ్రత్త. ఇది పత్రికలో వేసేది కాదు, నలుగురికీ పంచేది కాదు. దొంగ చేతిలో పడితే వేటకు పటమవుతుంది. కార్యదర్శిగారు సీలు చేసిన కవర్లలో పోగుచేసి సంబంధిత డివిజన్ అధికారికి స్వయంగా అందజేస్తే చాలు. వచ్చే వేసవికి ముందే, జనవరి నెలాఖరులోగా ఇది పూర్తయితే నీటి తొట్లు నింపే కాలానికి కొత్త కుర్రవాళ్లకు అక్కరకు వస్తుంది.

ఆకలివేళ అవుతోంది, మన మేత కూడా సిద్ధంగా ఉన్నట్టు వాసన వస్తోంది. సెలవు.